కింది వరుసలో బిళ్ల

ల్యాంపురూం కాక చనిపోయాడని మా కాలనీ గ్రూపులో పొద్దున తొమ్మిదిన్నరకు మెసేజ్ వచ్చింది. ఆ వెనకే చేతులు జోడించిన బొమ్మలు యాభై దాకా పడ్డాయి. ఒకాయన ముందురోజు ఎవరి పుట్టినరోజుకో పంపిన పూలగుత్తినే తిప్పి మళ్లీ పంపాడు. మంచి మనిషి అన్నారు, మృదుస్వభావి అన్నారు, అందరికీ తలలో నాలుక అన్నారు. చదువుతుంటే ఒళ్లు మండింది. ఆయన మృదుస్వభావి ఏమిటి? ఇరవై ఏళ్లు ఎదురింట్లో ఉండి నన్ను ఒక్క మంచి మాట అనలేదు. ఆయన కూడా బతికుండగా ఈ మాటలు విని ఉంటే "ఎవన్ని గురించి రా ఇది?" అని అడిగేవాడు.

సంతాపసభ ఇంకా ఘోరం. మైకు పట్టుకున్న నాయకుడొకాయన మొదట కాక పేరే తప్పు చెప్పాడు, తర్వాత పది నిమిషాలు తన గురించి చెప్పుకున్నాడు, చివర గుర్తొచ్చినట్టుంది, "రిటైరైనంక కంప్యూటర్ల ఆటలాడుకుంట మంచిగ కాలక్షేపం చేసిండు" అన్నాడు. అందరూ తలలూపారు. నేను కుర్చీ వెనక్కి తోసి బయటికొచ్చేశాను. ఆ కాలక్షేపం ఏమిటో ఆ సభలో నాకొక్కడికే పూర్తిగా తెలుసు. దాన్ని అందరికంటే ఎక్కువ వెక్కిరించినవాణ్ని కూడా నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

కాక నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మేం ఎదురెదురు ఇళ్లవాళ్లం. నేను చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్ నడుపుతాను. ఆయన బాయి మీద, అంటే భూగర్భ గని దగ్గర, ల్యాంపురూంలో పనిచేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఇవ్వడం, అతని నంబరున్న ఇత్తడి బిళ్లను పలక మీద పై వరుస మేకు నుంచి కింది వరుస మేకుకు మార్చడం, మనిషి ఎక్కి వచ్చాక మళ్లీ పైకి మార్చడం ఆయన పని. కింది వరుసలో ఒక్క బిళ్ల ఉన్నా లోపల మనిషి ఉన్నట్టు. అంతవరకు ఆయన కుర్చీలోంచి లేవడు. బిళ్ల మర్చిపోయి వచ్చిన ఆఫీసర్‌ను కూడా వెనక్కి పంపాడని చెప్పుకునేవారు. నా ఉద్దేశంలో అది నిజాయితీ కన్నా మొండితనం ఎక్కువ. ఆ మొండితనాన్ని ఆయన రిటైర్మెంటు కాగితాలతోపాటు ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆయన రిటైరైన కొన్నాళ్లకు ఆ బాయి మూసేశారు. తర్వాత పై నుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు వచ్చింది. బాయితోపాటు దాని పక్కనున్న పాత కాలనీ, రెండు లైన్ల క్వార్టర్లు, మధ్యలో అందరూ నీళ్లు పట్టుకునే నల్ల, చివర మంగలి దుకాణం అన్నీ పోయాయి. మేమంతా అక్కడ ఉండి వచ్చినవాళ్లమే. ఇప్పుడు ఆ గట్టు మీద నిలబడి చూస్తే మెట్లు మెట్లుగా దిగిపోయిన పెద్ద గొయ్యి, అడుగున అగ్గిపెట్టెలంత డంపర్లు కనిపిస్తాయి.

ఆ డంపర్లలో ఒకటి నడిపే కాక కొడుకు ఇంట్లో కంప్యూటర్ కొని, అందులో లారీ నడిపే ఆట ఒకటి పెట్టాడు. వారం తిరగకుండా కాక నా సెంటర్‌కు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గీ ఆటల అన్ని దొరల దేశం రోడ్లే ఉన్నయి. మన రోడ్డు వెట్టొస్తదా?"

ఆయన నోట్లో సారు అనే మాట తిట్టులాగే ఉండేది. వస్తుందని చెప్పాను. ఆట తయారుచేసినవాళ్లు ఇవ్వని వస్తువులను బయటివాళ్లు తయారుచేసి ఆటలో చేర్చుకుంటారు. వాటిని మోడ్స్ అంటారు. మన ఆటోలు, మన వాన, మన హారన్ ఏదైనా చేర్చుకోవచ్చు. అవన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా, సరైన వరుసలో మొదలయ్యేలా చూసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. రంగురంగుల బటన్లున్న ఒకదాన్ని వేసి ఇచ్చాను. నొక్కితే చాలు, అన్నీ అదే చూసుకుంటుందని చెప్పాను.

రెండో రోజే తిరిగొచ్చాడు. ఆటలో పెట్టుకున్న వాన పోయిందట. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తనే వరుస మార్చి, పనికిరాదనుకున్న వాటిని తీసేసింది.

"నీ బటను ఎవన్ని అడిగి తీసేసింది సారు?"

"అది అడగదు కాకా. దానికే తెలుసు."

"గట్లనా? మరి ల్యాంపులు గూడ దాన్నే ఇయ్యమను."

పీడ వదుల్తుందని, వెక్కిరింతగానే, నేను నల్లతెర పరికరం వేసి ఇచ్చాను. అందులో బొమ్మ ఉండదు, బటన్ ఉండదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మనం ఆదేశం టైపు చేస్తే అది ఒక లైనులో జవాబిస్తుంది. నా దగ్గర డిగ్రీ చదివే పిల్లలే దాన్ని చూసి మొహం చిట్లిస్తారు. ఈయన పారిపోతాడనుకున్నాను. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఒక్క వేలితో, లిస్ట్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వెతికి వెతికి కొట్టాడు. లోపల ఏ మోడ్ ఉంది, ఏది నడుస్తోంది, ఏది ఆగింది, నంబర్లతో సహా తెర మీద పడింది.

"గిది గద మస్టరంటె!" అన్నాడు.

మస్టర్ అంటే డ్యూటీ హాజరు. ఆ తర్వాత ఒకదాన్ని తీసెయ్యమని టైపు చేయిస్తే, నిజంగా తీసెయ్యాలా, అవునా కాదా అని తెర అడిగింది. అవునంటే వై, కాదంటే ఎన్ కొట్టాలి. కాక నా వైపు తిరిగి చూశాడు. ఆయన మొహంలో మెప్పు లాంటిది నేను చూసింది ఆ ఒక్కసారే, అది కూడా నా మీద కాదు.

"చూసినవా, అడుగుతున్నది. ఇజ్జత్ ఎర్కైనోడు చేసిండు దీన్ని."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పదిహేను రోజుల తర్వాత వాళ్లింటికి వెళ్లి చూస్తే కంప్యూటర్ పక్క గోడకు ఒక చెక్క పలక ఉంది. రెండు వరుసల మేకులు. రేకు డబ్బా కత్తిరించి గుండ్రటి బిళ్లలు చేసి, మేకుతో నంబర్లు పొడిచాడు. ప్రతి మోడ్‌కూ ఒక బిళ్ల. నల్లతెర మీద ఒక మోడ్‌ను నడవమని ఆదేశం ఇస్తే, లేచి దాని బిళ్లను కింది వరుసకు మార్చేవాడు. ఆపితే పై వరుసకు. ముందు పాత రిజిస్టరొకటి. దిగిన టైం, ఎక్కిన టైం అని గీతలు కొట్టి రాసుకునేవాడు. తెర, పలక, రిజిస్టరు మూడూ కలిస్తేనే ఆట మొదలుపెట్టేవాడు. ఆట కన్నా ఈ తతంగానికే ఎక్కువ సేపు పట్టేది. ఆడటమైనా సరిగా ఆడతాడా అంటే అదీ లేదు. ఇరవై కిలోమీటర్ల వేగం దాటడు, బొమ్మ ఆటోలకు కూడా దారిస్తాడు.

నేను పడీపడీ నవ్వాను. కంప్యూటర్ ఉన్నదే ఆ లెక్క చూసుకోవడానికి కదా అన్నాను.

"లోపటున్న మంది లెక్క లోపటోనికే తెలిస్తె, వాడు మునిగిననాడు ఎవన్ని అడుగుతవ్?"

వరుస విషయంలో కూడా అంతే. మిగతావన్నీ ఆధారపడే మోడ్ ముందు మొదలవ్వాలని, చివర ఆగాలని నేను సెంటర్‌లో వారం రోజులు పాఠం చెప్పినా పిల్లలకు ఎక్కదు. ఈయనకు చెప్పే అవసరమే రాలేదు. "సర్దారు ముందుగాల వోతడు, కప్పు జూస్తడు. ఆఖరికి అస్తడు" అన్నాడు. సర్దార్ అంటే గనిలో పైకప్పూ గాలీ చూసి, బాగుందంటేనే మందిని పనిలోకి పంపే మనిషి. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మరుసటి బ్యాచ్ నుంచి నేను ఆ ముక్కనే నాదిగా చెప్పుకుంటూ పాఠం నడిపాను.

ఇవన్నీ దేనికోసమో తర్వాత తెలిసింది. ఆటతోపాటు రోడ్లూ ఇళ్లూ గీసుకునే పరికరం ఒకటి వస్తుంది. దాంతో కాక పాత కాలనీ కట్టడం మొదలుపెట్టాడు. మొదటి లైనుకు ఏడాదిన్నర పట్టింది. ఏ క్వార్టర్ ముందు జామచెట్టు, ఎవరి గోడకు సున్నం రాలింది, నల్ల ఏ వైపు వంగి ఉండేది, అన్నీ రిజిస్టర్లో రాసుకుని కట్టాడు. తెలియనిదాన్ని ఊహించి పెట్టేవాడు కాదు. ఉన్నవాళ్లను అడిగి పెట్టేవాడు.

ఆదివారాలు ఆయనతో పనిచేసిన నలుగురైదుగురు ముసలివాళ్లు వచ్చేవాళ్లు. కాక లారీ ఎక్కి ఆ బొమ్మ కాలనీలో నడిపిస్తుంటే వాళ్లు తెర మీదికి వంగి చూసేవాళ్లు. నల్ల ఎవరి ఇంటికి దగ్గరనే దాని మీద ఒకసారి గట్టిగా గొడవైంది. చిన్నమ్మ, అంటే కాక భార్య, వంటింట్లోంచి వచ్చి కసిరింది.

"ఉన్నన్ని రోజులు గా నల్లకాడ తన్నుకున్నరు. బొమ్మల గూడ తన్నుకుంటరా?"

ఇక నా ఘనకార్యం. కాక రెండో లైను కడుతున్నాడు. పది ఇళ్లు గోడల దాకా వచ్చాయి. పదో ఇల్లు సర్దార్‌ది. ఉపమానం కోసం చెప్పిన సర్దార్ కాదు, కాకతో పాతికేళ్లు పనిచేసిన మనిషి. ఇప్పుడు మందమర్రిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇల్లు లేచిందని కాక ఫోన్ చేస్తే ఆదివారం బస్సెక్కి వస్తానన్నాడు. శనివారం ఆట కొత్త అప్‌డేట్ అడిగింది. కాక నన్ను పిలిచాడు. నల్లతెర ప్రతిదానికీ అవునా కాదా అని అడుగుతుంటే నాకు విసుగొచ్చింది. కాక నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడు. ఆదేశం చివర ఒక గీత పెట్టి వై అక్షరం చేర్చాను. ఏం అడిగినా ముందుగానే అవునని చెప్పినట్టు. గడగడా లైన్లు పరిగెత్తాయి. కాలనీ పేరుతో రెండు ఫోల్డర్లున్నాయి, ఒకటి తీసెయ్యాలా అని ఆ పరుగులో అడిగే ఉంటుంది. నేను అవునని చెప్పే ఉన్నాను. రెండు నిమిషాల్లో పని ముగించి, చూడండి ఎంత తేలికో అన్న మొహం పెట్టుకుని ఇంటికొచ్చాను.

అది తీసేసిన ఫోల్డర్లో రెండో లైను ఉంది. దానికి నకలు లేదు. మొదటి లైనుకు ఉంది. పూర్తికాని పనికి ఆయన నకలు తీయడు. సగం డ్యూటీకి మస్టర్ ఎట్లా పడుతుందని వాదించేవాడు. ఆ మూర్ఖత్వం ఆయనది. మిగతా మూర్ఖత్వం నాది.

ఆదివారం సర్దార్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నేనూ వెళ్లాను, నా అప్‌డేట్ ఎంత బాగుందో చూపించుకోవాలని. లారీ మొదటి లైను దాటి మలుపు తిరిగింది. మలుపు తర్వాత చదునైన నేల. అంతే, ఇంకేమీ లేదు. లారీ ఆగింది. సర్దార్ చాలాసేపు తెర వైపే చూశాడు.

"ఈడ గూడ తీసేసిండ్రా?" అన్నాడు.

నేను వెంటనే నోరు తెరిచాను. టెక్నికల్ ప్రాబ్లం అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. సర్దార్ చాయ్ తాగి మూడు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. కాక నన్ను అరవలేదు. పలక ముందు నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు.

"అడగకముందే అవును అనేటోన్ని బాయిల దించొద్దు."

"ఒక ఆట కోసం ఇంతనా కాకా?"

"గా సర్దారు ఆట జూడనీకి రాలే."

ఆ తర్వాత ఏడు నెలలు, పోయేదాకా, నాతో మాట్లాడలేదు. నేను తగ్గానా అంటే లేదు. రేకు బిళ్లలు పెట్టుకుని కంప్యూటర్ ఆడే ముసలాయన కథను ప్రతి బ్యాచ్‌కూ చెప్పి నవ్వించాను. పిల్లలు నవ్వేవాళ్లు, నేను వాళ్లకంటే ముందు నవ్వేవాణ్ని. కానీ ఒకటి జరిగింది. ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా, వై అక్షరం దగ్గర నా వేలు ఆగడం మొదలైంది. ఇందులో ఏముంది, ఇది తీసేస్తే మీకేం పోతుంది అని మనిషిని అడగకుండా నొక్కలేకపోతున్నాను. సెంటర్‌కు వచ్చేవాళ్లు నన్ను జాగ్రత్తమనిషి అంటారు. ఆ జాగ్రత్త ఎవరిదో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, ఆయనది.

చనిపోయిన మూడో రోజు చిన్నమ్మ నన్ను పిలిపించింది. కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది.

"పొద్దుగాల మొదటి షిఫ్టు యాళ్లకు కూసున్నడు. చాయ్ వెట్టి పిలిస్తే, జర ఆగు, మందిని ఎక్కిచ్చి అస్త అన్నడు. గంతే. లేసిండు, ఒరిగిండు. దవాఖానకు వోయేదాంక గూడ లేడు. గప్పటిసంది గిది గట్లనే ఉన్నది. ముట్టుకుంటె తిడ్తడని ఎవ్వలం ముట్టలే. నువ్వే బంద్ చెయ్యి బిడ్డా."

పలక చూశాను. ఏడు బిళ్లలూ కింది వరుసలో ఉన్నాయి. రిజిస్టరు చివరి పేజీలో ఏడు బిళ్లలకూ దిగిన టైం రాసి ఉంది. ఎక్కిన టైం గడి ఖాళీ. లిస్ట్ కొట్టాను. ఏడూ నడుస్తున్నాయి. తెర, పలక, రిజిస్టరు మూడూ కలిశాయి.

అన్నింటినీ ఒకేసారి ఆపే ఆదేశం ఉంది. అలవాటైన వేళ్లు దాన్ని సగం కొట్టాయి కూడా. సిగ్గనిపించి చెరిపేశాను. చివర దిగినదాన్ని ముందు ఆపమని ఒక్కదానికే ఆదేశం ఇచ్చాను. అవునా కాదా అని అడిగింది. అడిగిన తర్వాతే వై కొట్టాను.

"నాలుగో నంబర్ ఎక్కింది చిన్నమ్మా."

ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. నాలుగు వెతికి పై మేకుకు తగిలించింది. తర్వాత హారన్. తర్వాత ఆటోలు. దుమ్ము, బాయి సైరన్ మోత, వాన. ఒక్కోటీ అడగడం, నేను చెప్పడం, చిన్నమ్మ బిళ్ల మార్చడం. ఇద్దరిలో ఎవరమూ తొందరపడలేదు. ఆయన ఇంట్లో ఆయన పని ఆయన పద్ధతిలో నేను చేయడం అదే మొదలు. ఏడవకూడదనుకున్నాను గానీ సైరన్ ఆపేటప్పుడు ఏడ్చాను.

ఇక కాలనీ ఒక్కటే మిగిలింది. ముందు దిగింది గనక చివర ఎక్కాలి. ఆపేముందు ఒకసారి లోపలికి వెళ్లి చూశాను. మొదటి లైను దాటి, ఆ మలుపు తిరిగాను. రెండో లైను ఉంది. ఏడు నెలలు నాతో మాట్లాడకుండా కూర్చుని మళ్లీ కట్టాడు. తొమ్మిది ఇళ్లు పూర్తయ్యాయి, తలుపులతో, అరుగులతో, ఒక దండెం మీద ఆరేసిన పంచెతో సహా. పదో ఇంటికి గోడలున్నాయి, కప్పు ఉంది. తలుపు దగ్గర ఖాళీ.

రిజిస్టరు తిరగేశాను. పదో ఇంటి కింద కాక గొలుసుకట్టు రాతలో ఒక్క లైనుంది. "సర్దారు తల్పు రంగు యాదికి లేదు. అడగాలె."

ఆయన అడగలేకపోయాడు. చదును నేల చూసి వెళ్లిన మనిషికి మళ్లీ ఫోన్ చేసి తలుపు రంగు అడగడం ఎంత కష్టమో నాకు అర్థమైంది. ఎందుకంటే అక్కడే కూర్చుని నంబరు కలపడానికి నాకు పావుగంట పట్టింది. నేనెవరో చెప్పాను. అప్పుడు ఆ లైను తీసేసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన ఊఁ అన్నాడు. తలుపు ఏ రంగని అడిగాను.

"నీలం," అన్నాడు. "కిందికెల్లి జానెడు పచ్చరంగు. డబ్బా సరిపోలే గప్పుడు, ఉన్నదేసినం." తర్వాత ఆయనే అడిగాడు. "మళ్ల తీసెయ్యరు గద?"

"అడగకుండా తీసెయ్యం," అన్నాను.

ఫోన్ పెట్టేసేసరికి చిన్నమ్మ ఏడో బిళ్ల చేతిలో పట్టుకుని నిలబడి ఉంది, పైన తగిలించడానికి.

"ఇంకొకటే ఉన్నది. ఎక్కిందా?"

"ఇంకా లేదు చిన్నమ్మా. లోపల పని ఉంది."

ఆమె నా మొహం చూసింది, తెర చూసింది. నలభై ఏళ్లు ల్యాంపురూం మనిషితో కాపురం చేసిన మనిషి. బిళ్లను కొంగుతో తుడిచి మళ్లీ కింది మేకుకే తగిలించి, కాక కుర్చీ నా వైపు జరిపి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.